నిలవ రక్తం

ఎడిసన్‌లో మేం వెళ్లే తెలుగు చర్చిలో ఆరాధన అయిపోయాక కింద హాల్లో భోజనాలు పెడతారు. అక్కడే, అన్నం గిన్నె ముందు గరిటె పట్టుకుని నిలబడి, అక్క నాకు తన జబ్బు సంగతి చెప్పింది. తోడబుట్టిన అక్క కాదు. ఆమెది బందరు, నాది రేపల్లె. పీహెచ్‌డీ అయ్యాక ఉద్యోగానికి న్యూజెర్సీ వచ్చిన కొత్తలో, ఎవరూ తెలియక వెనక బెంచీలో కూర్చున్న నన్ను చెయ్యి పట్టుకుని క్వయర్‌లోకి లాక్కెళ్లిన మనిషి. నాకు పాట రాదని చెబితే, "రాకపోతే నోరు కదుపు, మిగతాది మేం చూసుకుంటాం" అంది. ఆ రోజు నుంచీ అక్క అయింది.

"నడుంనొప్పి అనుకున్నాను కదే, పాంక్రియాస్ క్యాన్సర్ అంట," అంది నా ప్లేట్లో అన్నం పెడుతూ. "నువ్వు పనిచేసేది దాని మీదేగా?"

దాని మీదే. వెనక లైన్లో నిలబడినవాళ్లు కదలమన్నట్టు చూస్తున్నారు. పక్కకి జరిగి గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఆమె మిగతా వాళ్లందరికీ వడ్డించేదాకా గరిటె దించలేదు.

పాంక్రియాస్, అంటే క్లోమగ్రంథి, పొట్ట వెనకాల, వెన్నెముక దగ్గర దాక్కుని ఉంటుంది. అక్కడ గడ్డ పుడితే చేతికి తగలదు, చాలాకాలం నొప్పి కూడా పెట్టదు. బయటపడేసరికి చాలామందికి ఆపరేషన్ చేసే దశ దాటిపోతుంది. ముందుగా పట్టుకునే ఆనవాలు ఏదైనా రక్తంలో ఉందేమోనని వెతకడమే నా ఉద్యోగం. అందుకు నా పనిముట్టు మాస్ స్పెక్ట్రోమీటర్. అణువుల్ని తూచే త్రాసు అనుకోవచ్చు. మనం తిన్న తిండి, కరిగిన కొవ్వు, కణాలు వాడుకుని పారేసిన చెత్త, ఇవన్నీ చిన్న చిన్న అణువులుగా రక్తంలో తిరుగుతుంటాయి. ఆ యంత్రం ఒక చుక్క రక్తరసంలోంచి వాటిని వేరుచేసి, ఒక్కోదాని బరువు చెబుతుంది. కంప్యూటర్ తెర మీద ఒక్కో అణువుకి ఒక్కో శిఖరం లేస్తుంది. ఒకసారి ఫోన్‌లో మా అమ్మకి చెప్పాల్సి వచ్చి, చెత్తబుట్ట చూసి ఆ ఇంట్లో ఏం వండుకున్నారో చెప్పడం లాంటిది అన్నాను. "మంచి చదువే చదివావు" అంది మా అమ్మ.

అక్కకి జబ్బు తెలిసిన రోజుల్లోనే మా ల్యాబ్‌లో ఒక శిఖరం దొరికింది. ఒక కొవ్వు అణువు. గడ్డ ఇంకా చిన్నగా ఉండగానే దొరికిన రోగుల రక్తంలో అది ఎత్తుగా లేస్తోంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తంలో అంత లేవడం లేదు. మళ్లీ నడిపినా అంతే. నమూనాల వరస మార్చి, ఏది ఎవరిదో నాకే తెలియకుండా కప్పిపెట్టి నడిపినా అంతే. మా ల్యాబ్ పెద్ద, అరవై దాటిన అమెరికన్ ఆవిడ, ఊరికే పొంగిపోయే మనిషి కాదు. ఆవిడ నా కుర్చీ వెనక నిలబడి తెర వైపు చాలాసేపు చూసి, "నా ఉద్యోగంలో ఇలాంటిది చూస్తాననుకోలేదు" అంది. వ్యాసం రాయడం మొదలుపెట్టాం. నేను ల్యాబ్‌కి వెళ్లేటప్పుడు కారు పాటల్లేకుండా నడిపేదాన్ని. ఆ శిఖరాన్ని మనసులో చూసుకోవడమే సరిపోయేది.

అక్కకి కీమో మొదలైంది. బావగారు, అంటే అక్క భర్త, ఐటీలో చేస్తారు. ఆయనకి వీలుకాని రోజుల్లో ఆమెని నేను తీసుకెళ్లేదాన్ని. మందు ఎక్కుతున్నంతసేపూ పక్క కుర్చీలో కూర్చునేదాన్ని. ఆమె దుప్పటి కప్పుకుని, చల్లటివి ముట్టుకుంటే వేళ్లు కరెంటు కొట్టినట్టు ఉంటున్నాయని చేతులకి ఉన్ని గ్లవ్స్ వేసుకుని, నన్ను ప్రశ్నలు అడిగేది. సైన్సు చదవలేదు, ఊళ్లో ఉండగా టైలరింగ్ నేర్పిన మనిషి. కానీ అర్థమయ్యేదాకా వదిలేది కాదు.

"నాకు పనికిరాదు కదా నీ టెస్టు?" అంది ఒకరోజు.

"నీకు ఉందని తెలిసిపోయింది కదక్కా. అది తెలియని వాళ్ల కోసం."

"నా సంగతి కాదే నేనడిగేది. మా అమ్మ కూడా ఇలాగే పోయింది. ఒళ్లు పచ్చబడింది, కామెర్లని పసరు పోయించారు. చీపురుపుల్లలా అయి పోయింది. ఇప్పుడు తెలుస్తోంది అదేంటో. అమ్మ, నేను. తర్వాతెవరు?"

ఆమెకి ఒక్కతే కూతురు, అప్పటికి కాలేజీలో ఉంది. డాక్టర్లు అక్క జన్యువులు పరీక్షించారు. తెలిసిన లోపం ఏదీ కనబడలేదన్నారు. ఆ మాట వినగానే బావగారు దేవుడికి స్తోత్రం అన్నారు. అక్క మాత్రం ఆ ఫలితం వివరించే జెనెటిక్ కౌన్సిలర్‌ని నిలదీసి మరీ కనుక్కుంది. లోపం లేదని కాదు, తెలిసిన లోపం లేదని మాత్రమే దానర్థం. తల్లికీ కూతురికీ ఒకే జబ్బు వచ్చింది, ఎందుకొచ్చిందో తెలియదు. కాబట్టి మూడో తరానికి వస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు.

"అందుకే నీ టెస్టు కావాలి," అంది గ్లవ్స్ చేత్తో నా మణికట్టు పట్టుకుని. "నా కూతురికి ఏడాదికోసారి ఒక చుక్క రక్తం తీస్తే చాలంటున్నావు కదా. నేను లేకపోయినా నువ్వుంటావు. చూస్తావు కదే?"

చూస్తానన్నాను. ఇంకా చాలా పరీక్షలు దాటాలి, ఏళ్లు పడుతుంది అని కూడా చెప్పాను. ఆమె ఆ రెండో మాట విన్నట్టు లేదు. తర్వాతి ఆదివారం చర్చిలో సాక్ష్యం చెబుతూ, తన చెల్లెలి చేతుల మీదుగా దేవుడు ఎందరో బిడ్డల్ని కాపాడబోతున్నాడంది. అందరూ నా వైపు తిరిగి చూశారు. నేను పాటల పుస్తకంలోకి తల దించుకున్నాను.

వ్యాసం పంపేముందు వేరే ఊరి ఆసుపత్రి నుంచి కొత్త నమూనాలు తెప్పించుకున్నాం. ఒకచోట కనబడినది ఇంకోచోట కూడా కనబడాలి, అది మా పనిలో నియమం. డ్రై ఐస్ పొగల్లో డబ్బాలొచ్చాయి. కరిగించి, శుద్ధి చేసి, యంత్రంలో పెట్టాను.

శిఖరం లేవలేదు. లేవలేదంటే అసలు లేదని కాదు. రోగుల్లోనూ ఆరోగ్యవంతుల్లోనూ ఒకే ఎత్తులో ఉంది. ఎవరు ఎవరో చెప్పే వీల్లేదు.

మొదట యంత్రాన్ని అనుమానించాను. విప్పి శుభ్రం చేశాను. అణువుల్ని విడదీసే గొట్టం కొత్తది వేశాను. పాత నమూనాలు మళ్లీ నడిపితే శిఖరం చక్కగా లేచింది. కొత్తవి నడిపితే లేదు. అంటే యంత్రం నిజమే చెబుతోంది. తేడా రక్తంలోనే ఉంది. పాత నమూనాలిచ్చిన ఆసుపత్రిలో రక్తం తీసే పద్ధతి ఎలా ఉందో కళ్లతో చూసి రమ్మంది ల్యాబ్ పెద్ద.

వెళ్లాను. కింది అంతస్తులో ఆరోగ్యవంతులైన వాలంటీర్లకి రక్తం తీస్తున్నారు. పక్కగదిలోనే రక్తాన్ని గిర్రున తిప్పే సెంట్రిఫ్యూజ్ ఉంది. తీసిన వెంటనే తిప్పి, రక్తకణాల్ని వేరుచేసి, పైన తేరిన రసాన్ని ఫ్రీజర్‌లో పెడుతున్నారు. తర్వాత పై అంతస్తుకెళ్లాను. రోగులకి పొద్దున్నే, ఆపరేషన్‌కి ముందు తీస్తున్నారు. రక్తం పట్టిన ఆ గొట్టాలన్నీ కిటికీ పక్క బల్ల మీద, స్టాండ్‌లో నిలబెట్టి ఉన్నాయి.

"ఇవి కిందికి ఎప్పుడు వెళ్తాయి?" అని అడిగాను అక్కడున్న నర్సుని.

"మధ్యాహ్నం వచ్చి అన్నీ ఒకేసారి పట్టుకెళ్తారు," అంది. నిబంధనల కాగితంలో అంత వ్యవధి పర్వాలేదనే ఉంది. ఎవరూ ఏ తప్పూ చేయలేదు.

నేను ఆ గొట్టాల ముందు నిలబడిపోయాను. రక్తం మనిషిలోంచి బయటికొచ్చినా చచ్చిపోదు. కణాలు గొట్టంలో కూడా బతికే ఉంటాయి, ఉన్న చక్కెర తింటూ ఉంటాయి, ఏవేవో బయటికి వదులుతూ ఉంటాయి. ఎంతసేపు నిలవ ఉంటే అంత మారుతుంది. రోగుల రక్తం పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా బల్ల మీద ఉంది. ఆరోగ్యవంతులది ఉండలేదు. అంతే తేడా.

అయినా మనసు ఒప్పుకోలేదు. ల్యాబ్‌కి తిరిగొచ్చి, అనుమతి తీసుకుని, నా రక్తమే తీయించుకున్నాను. ఒక గొట్టం వెంటనే తిప్పించాను. రెండోది బల్ల మీద పెట్టి ఎదురుగా కూర్చున్నాను. దానివైపు చూస్తూ నేను చేసిన ప్రార్థన ఇప్పటికీ గుర్తుంది. నా జీవితంలో అంత పనికిమాలిన ప్రార్థన చేయలేదు. రక్తాన్ని మారకుండా ఉంచమని దేవుణ్ణి అడిగాను. మధ్యాహ్నం దాన్నీ తిప్పించి, రెండూ యంత్రంలో పెట్టాను.

వెంటనే తిప్పిన రక్తంలో శిఖరం చిన్నగా ఉంది. నిలవ ఉంచినదాంట్లో ఎత్తుగా లేచింది, రోగుల్లో లేచినంత ఎత్తుగా. మా పరీక్ష ప్రకారం అయితే ఆ పొద్దున్న ఆరోగ్యంగా ల్యాబ్‌కి వచ్చిన నాకు మధ్యాహ్నానికల్లా క్యాన్సర్ వచ్చింది.

ల్యాబ్ పెద్ద గదికి వెళ్లి చెప్పాను. ఆవిడ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, అరచేతులతో మొహం కప్పుకుంది. తర్వాత, "వ్యాసం ఆపేద్దాం. నువ్వు కనిపెట్టావు కాబట్టి సరిపోయింది, బయటికి వెళ్లాక వేరేవాళ్లు కనిపెట్టి ఉంటే?" అంది. నన్ను మెచ్చుకుంటోందని అర్థమైంది గానీ ఆ మెప్పు నాకు ఎక్కడా తగల్లేదు. పార్కింగ్ లాట్‌లో కారెక్కి తలుపేసుకుని ఏడ్చాను. నా ఏళ్ల పని పోయినందుకే ఏడుస్తున్నాననుకున్నాను మొదట. కాసేపటికి, అక్కకి చెప్పాలి కదా అనిపించి ఏడుపు కూడా ఆగిపోయింది.

మా ఆయన చెప్పొద్దన్నాడు. "ఆవిడకి స్కాన్ కూడా బాలేదంటున్నారు. ఇప్పుడు ఇది చెప్పి ఏం చేస్తావ్?"

"అడిగితే?"

"నడుస్తోంది అను. నడుస్తూనే ఉంది కదా రీసెర్చ్."

అలాగే అనుకున్నాను. వారం తర్వాత వాళ్లింటికి వెళ్తే, అక్క సోఫాలో దిండ్ల మధ్య కూర్చుని ఉంది. మొహంలో ఎముకలు బయటపడ్డాయి. నేను గంజి కాచి తీసుకెళ్లాను, వాసన పడటం లేదని పక్కన పెట్టించింది. నేను కూర్చోకముందే అడిగింది.

"పేపర్ పంపించారా?"

"లేదక్కా."

"ఎందుకని?"

నడుస్తోంది అనబోయాను. ఆమె నా మొహం చూస్తోంది. తన కూతురి ప్రాణాన్ని ఆ ప్రశ్న మీద మోపింది. అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అంతా చెప్పాను. గొట్టాలు, బల్ల, నా రక్తం. ఆమె మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. అయిపోయాక మొహం కిటికీ వైపు తిప్పుకుంది. ఎదురింటివాళ్లు డ్రైవ్‌వేలో కారు కడుక్కుంటున్నారు.

"ఎందుకు చెప్పావే?" అంది.

"నువ్వడిగావు కదక్కా."

"అడిగితే? నేను ఇంకెన్నాళ్లుంటాను? నేను పోయేదాకా ఆగలేకపోయావా? అదొక్కటే పట్టుకుని ఉన్నాను. అదీ లాగేసుకున్నావు." గొంతు పెద్దది చేయలేదు. చేసే ఓపిక లేదు. "వెళ్లు. ఆ గంజి కూడా తీసుకెళ్లు."

తీసుకెళ్లాను. ఆ తర్వాత ఆమె నా ఫోన్లు ఎత్తలేదు. చర్చికి రావడం అప్పటికే మానేసింది. క్వయర్‌లో ఆమె నిలబడే చోటు ఖాళీగా వదిలేసి పాడేవాళ్లు. నేను ఒక వారం వెళ్లి, ఇక వెళ్లలేకపోయాను. ల్యాబ్‌లో పాత ఫలితాలన్నీ తిరగేస్తూ, ఆ నిలవ రక్తంలో ఏదైనా నిజం మిగిలిందేమోనని వెతికేదాన్ని. ఒక శిఖరం ఆశపెట్టేది. సరిచూస్తే అదీ నిలవ వల్ల వచ్చిందే. ఇంకోటి దొరికేది. అదీ అంతే. తవ్వినకొద్దీ ఇసుకే.

ఆకులు రాలడం మొదలయ్యాక బావగారు ఫోన్ చేశారు. "అమ్మా, మీ అక్క నిన్ను రమ్మంటోంది."

కీమో ఆపేసి, ఇంట్లోనే చివరిరోజుల సంరక్షణకి హాస్పిస్ నర్సు వచ్చి చూస్తోంది అప్పటికి. కింద హాల్లో మంచం వేశారు. అక్క నన్ను చూసి చెయ్యి కదిపింది. పోయినసారి మాటల గురించి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. క్షమించిందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. ఆమెకి నాతో వేరే పనుంది.

"మీ బావ నా చేత ఏవేవో తాగిస్తున్నాడే. ఎవరో వాట్సాప్‌లో పంపించారంట, గోధుమగడ్డి రసమంట, ఇంకేదో ఆకంట. నోట్లో పడితే వాంతి. నేను వద్దంటే ఏడుస్తాడు. నువ్వు చెబితే వింటాడు. సైంటిస్టువి కదా."

బావగారు ఇంటి వెనక చెక్క డెక్ మీద ఉన్నారు. మిక్సీ జార్‌ని పైపు నీళ్ల కింద పెట్టి తోముతున్నారు. చలిలో స్వెట్టర్ కూడా లేదు.

"బావగారూ, అక్కకి ఇక ఆ రసాలు వద్దండి. దిగడం లేదు."

"దిగకపోతే కొంచెం కొంచెం ఇద్దాం. ఒకాయన ఎవరో నాలుగో స్టేజీలో ఇది తాగి లేచి తిరిగాడంటమ్మా, వీడియో ఉంది. చూపిస్తానుండు."

"అవి నిజం కాదండి. నేను ఈ పనే చేస్తాను. నిజమైతే మీకంటే ముందు నేనే చెప్పేదాన్ని."

ఆయన పైపు కట్టేసి నా వైపు తిరిగారు. ఎప్పుడూ నెమ్మదిగా, తలవంచుకుని మాట్లాడే మనిషి. "మరి ఏం చెయ్యమంటావు?" అని అరిచారు. "మందు ఆపేశారు. నీ టెస్టు లేదన్నావు. ఇదీ వద్దంటున్నావు. ఇంత చదువుకున్నారు, ఇన్ని మెషీన్లు పెట్టుకున్నారు. ఒక్కటి చెప్పమ్మా, ఒక్కటి. నేను చేస్తాను. ఏం చెయ్యమంటావు?"

నేను ఆయన తడిచేతుల్లోంచి జార్ తీసుకుని పక్కన పెట్టాను. ఆయన డెక్ మెట్ల మీద కూలబడి, మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నారు. నేనూ పక్కనే కూర్చున్నాను. కాసేపటికి, "పెదాలు ఎండిపోతున్నాయండి అక్కకి. స్పాంజి తడిపి అద్దుతూ ఉండండి. అది హాయిగా ఉంటుంది," అన్నాను. ఆయన లేచి లోపలికెళ్లి ఆ పని చేశారు. ఆ తర్వాత రసాలు ఇవ్వలేదు.

నవంబరులో, థాంక్స్‌గివింగ్ పండక్కి ముందు వారం అక్క పోయింది. మధ్యాహ్నం, ఎండ బాగా ఉంది. కూతురు తలాపున కూర్చుని ఆమె జుట్టు నిమురుతోంది. చర్చివాళ్లు వచ్చి పాడారు. నేనూ నిలబడ్డాను, నోరు కూడా కదపలేకపోయాను.

మా పనికి పనికొచ్చింది ఒక్కటే మిగిలింది. రక్తం ఎంతసేపు నిలవ ఉంటే ఏ ఏ అణువులు ఎలా మారతాయో, వేటిని నమ్మకూడదో చూపిస్తూ ఒక చిన్న వ్యాసం రాశాం. అలాంటి వ్యాసాలు ఎవరికీ వార్త కాదు. పాత ఆసుపత్రిలో ఇప్పుడు పై అంతస్తులో కూడా సెంట్రిఫ్యూజ్ పెట్టారు. రోగుల రక్తమైనా, ఆరోగ్యవంతులదైనా తీసిన వెంటనే తిప్పుతున్నారు. కొత్త నమూనాలు పోగవుతున్నాయి. వాటిల్లో ఏదైనా ఉంటుందో ఉండదో తెలియదు.

ఈ వసంతంలో అక్క కూతురిని నేనే ఆసుపత్రికి తీసుకెళ్లాను. బావగారు ఆ బిల్డింగ్‌లోకి అడుగుపెట్టలేనన్నారు. ఇలాంటి కుటుంబాల వాళ్లని ముందునుంచీ గమనించే క్లినిక్ అది. డాక్టర్ ఓపికగా అంతా విన్నాడు. అమ్మకీ అమ్మమ్మకీ ఉంది కాబట్టి స్కాన్‌లు చేయాల్సిందేనన్నాడు. కానీ ఇప్పుడే కాదు, ఇంత చిన్న వయసులో చేసి లాభం లేదు, నలభై దగ్గరపడ్డాక రమ్మన్నాడు. పొగ తాగొద్దన్నాడు. ఆ పిల్ల ఎప్పుడూ తాగలేదు.

బయటికొచ్చి కారెక్కాం. నేను స్టార్ట్ చేశాక అది తన అమెరికా యాసలో, "ఆంటీ, ఇరవై ఇయర్స్ వెయిట్ చెయ్యాలా?" అంది.

"అవునమ్మా. మధ్యలో ఒంట్లో ఏమాత్రం తేడా అనిపించినా వెంటనే రమ్మన్నారు కదా."

"తేడా అనిపిస్తే టూ లేట్ కదా. అమ్మకి అలాగే కదా."

పార్క్‌వే మీద ట్రాఫిక్ నిలిచిపోయి ఉంది.

"అప్పటికి మీ టెస్ట్ రెడీ అవుతుందా?"

"తెలియదమ్మా."

"మీరు ట్రై చేస్తారా?"

"చేస్తాను."

అది తల కారు అద్దానికి ఆనించి కళ్లు మూసుకుంది. ఏడుస్తోందో, నిద్రపోతోందో తెలియలేదు. అడగలేదు. ముందు కారు కొంచెం కదిలింది. నేనూ కదిలాను.